పన్ను బాకీ

(సంఘము ఉగాది సభయందు చేసిన ప్రసంగపాఠము)



"పన్నును గూర్చి మాటలాడెదను" అని నేను కబురంపగా మన కార్యదర్శిగారు కొంత కంగారుపడిరి. ఉగాదిపూట ఆదాయపు పన్ను ప్రస్తావన యెందుకని వారి సందేహము. సచివాలయములో పనిచేయువారికి ఆ మాట వినగానే తోచు అర్థము అదియే గదా! నేను మాటలాడదలచినది నోటిలోని పన్నును గూర్చి. అయినను రెండింటికి ఒక పోలిక లేకపోలేదు. గడువు దాటినచో రెండింటియందును అసలుతో పాటు వడ్డీ కూడ చెల్లింపవలసి వచ్చును. ఆ వడ్డీ యెట్టిదో మా యింట అనుభవమునకు వచ్చినది. కనుకనే, వైద్యుడను కాకపోయినను, చదివినది సాహిత్యమే యైనను, ఈ విషయమును మీ ముందుంచుటకు సాహసించుచున్నాను.

మా తండ్రిగారు ముప్పదియారు సంవత్సరములు తెలుగు పండితులుగా పనిచేసిరి. త, థ, ద, ధ, న అనునవి దంత్యములనియు, వకారము దంత్యోష్ఠ్యమనియు వారు పిల్లలచేత పలికించి చూపెడివారు. తెలుగు చకారము రెండు విధములని చెప్పుటకు "చలి" యనిపించి, వెంటనే "చెలి" యనిపించెడివారు. మొదటిదానియందు నాలుక దంతములను తాకును. రెండవదానియందు తాలువును తాకును. భాషలోని యింత భాగము దంతములపై నిలిచియున్నదని బాల్యముననే వింటిని. వినుటయే గాని గ్రహింపలేదు.

డెబ్బదియవ యేట వారి క్రింది దంతములు ఒక్కొక్కటిగా కదలి పోయినవి. చిగుళ్ళ వ్యాధి, దానికి తోడు మధుమేహము. కట్టుడు పళ్ళు చేయించితిమి. పై దవడకు అంగిలి ఆధారముండును గనుక పై పళ్ళు కొంతవరకు నిలుచును. క్రింది దవడకు ఆ సదుపాయము లేదు. నాలుక కదలినప్పుడెల్ల క్రింది కట్టు పైకి లేచును. దానిని అదిమి పట్టుకొనుటతోనే నాలుకకు సరిపోవును. ఇక అక్షరమును పలుకుట యెప్పుడు?

"మరియొక వైద్యునికి చూపింతము" అని ఆరు సంవత్సరములు అనుచునే యుంటిని. వేసవి సెలవులు రానిమ్మంటిని, బదిలీ తేలనిమ్మంటిని, అమ్మాయి పరీక్షలు ముగియనిమ్మంటిని. కాగితముపై "తరువాత చర్చింతము" అని వ్రాసి ప్రక్కన పెట్టు అలవాటును ఇంటికి కూడ తెచ్చికొంటిని. ఇంతలో మా మేనకోడలి వివాహము వచ్చినది. పెద్దలందరును బంతిలో కూర్చుండగా నాన్నగారు కనబడలేదు. వెదకి చూడగా లోపలి గదిలో ఒంటరిగా మజ్జిగ అన్నము తినుచుండిరి. వధూవరులను దీవించి ఒక పద్యము చదువుమని అందరును కోరగా చేతితోనే అక్షతలు వేసి, తల వంచుకొని వెడలిపోయిరి. పద్యము చదువని మా తండ్రిగారిని నేను చూచుట అదియే మొదటిసారి.

ఆ మరుసటి వారమే వైద్యాన్వేషణకు బయలుదేరితిమి. మొదట వెళ్ళిన చోట, పై దవడలో మిగిలియున్న నాలుగు దంతములను కూడ పెరికివేసి, రెండు దవడలకును ఒకేసారి క్రొత్త పళ్ళు బిగించెదమనియు, ఆ దినముననే సగము సొమ్ము కట్టినచో తగ్గింపు ఇచ్చెదమనియు చెప్పిరి. రక్తములో చక్కెర యెంత యున్నదని అడిగినవారు లేరు. నాన్నగారు నావైపు చూచి, "నాయనా, పళ్ళూడగొట్టుకొనుటకు ఏ రాయి అయితేనేమి?" అనిరి. లేచి వచ్చితిమి. రెండవ వైద్యురాలు, చిగుళ్ళకు చికిత్స చేసినచో ఆ నాలుగును నిలుచునని చెప్పెను. అవి నేటికిని నిలిచియున్నవి. తరువాత ఆమె క్రింది దవడ చిత్రమును తెరపై చూపి, "మాస్టారు గారూ, ఆరేండ్ల క్రిందట వచ్చియున్నచో ఇక్కడ ఎముక బాగుగా ఉండెడిది" అనెను. నేను చెప్పిన వడ్డీ అదియే.

దంతమున్నంత వరకు నమలునప్పటి ఒత్తిడి దాని వేరు ద్వారా దవడ యెముకకు చేరుచుండును. ఆ పని ఉన్నంతకాలము అక్కడి ఎముక నిలిచియుండును. దంతము పోగానే, పనిలేని పదవిని రద్దుచేసినట్లు, శరీరము ఆ ఎముకను తగ్గించివేయును. మొదటి సంవత్సరములోనే దవడగట్టు వెడల్పు ఇంచుమించు సగము తగ్గవచ్చును. అందులో అధికభాగము మొదటి మూడు నెలలలోనే తగ్గును. కట్టుడు పళ్ళు ధరించువారిని 25 సంవత్సరముల కాలవ్యవధిలో పరిశీలించి టాల్‌గ్రెన్ అను పరిశోధకురాలు 1972లో ఫలితములను ప్రకటించినది. క్రింది దవడ పై దవడకంటె సుమారు నాలుగురెట్లు అరుగునని అందు తేలినది. కట్టుడు పళ్ళు ఏటేట వదులగుటకు ఇదియే కారణము. ఒక్క దంతము పోయినను నష్టమే: ప్రక్కది ఒరగును, ఎదుటిది క్రిందికి దిగును.

పోయిన దంతమునకు బదులు పెట్టవలెనను కోరిక నేటిది కాదు. 1931లో హాండురాస్ దేశమందలి త్రవ్వకములలో ప్రాచీన మాయా జాతివారి దవడయెముక ఒకటి దొరకినది. అందు మూడు క్రింది ముందు పళ్ళ స్థానమున గవ్వ ముక్కలు దిగగొట్టబడి యుండెను. ఇక పదవియు, ధనమును ఉన్నంత మాత్రమున దంతములు దొరకవనుటకు జార్జి వాషింగ్టన్ సాక్షి. 1789లో అమెరికాకు అధ్యక్షుడగునాటికి ఆయన నోట సొంత దంతము ఒక్కటియే మిగిలియుండెను. ఆయన కట్టుడు పళ్ళు కొయ్యవను కథ నిజము కాదు. అవి దంతముతోను, లోహముతోను, ఇతరుల దంతములతోను చేసినవి.

నేటి పద్ధతికి మూలము ఒక కుందేలు కాలియెముక. 1952లో స్వీడన్ దేశమందలి లుండ్ నగరములో పెర్ ఇంగ్వర్ బ్రోనెమార్క్ అను వైద్యుడు, ఎముకలో రక్తము ప్రవహించు తీరును పరిశీలించుటకై కుందేలు కాలియెముకలో టైటేనియము లోహముతో చేసిన చిన్న పరికరమును అమర్చెను. పని ముగిసిన తరువాత తీయబోగా అది రాలేదు. ఎముక దానిని తనలో కలుపుకొనియుండెను. మరియొకడైనచో పరికరము పాడైనదని విసుగుకొని యుండెడివాడు. ఆయన మాత్రము, శరీరము ఈ లోహమును పరాయిదిగా ఎంచుట లేదని గ్రహించి, పదుమూడేండ్లు పరిశోధన సాగించి, 1965లో గోస్టా లార్సన్ అను వ్యక్తి దవడలో మొదటిసారిగా టైటేనియపు వేళ్ళు నాటెను. లార్సన్ పుట్టుకతోనే దవడ లోపము కలవాడు. అవి 2006లో ఆయన మరణించువరకు పనిచేసినవి. ఇంత జరిగినను తోటి వైద్యులు వెంటనే ఒప్పుకొనలేదు. 1982లో టొరంటో నగరమున జరిగిన సదస్సు తరువాత గాని ఈ విధానమునకు విస్తృతమైన అంగీకారము లభింపలేదు.

ఇంప్లాంటు అనగా దంతము కాదు, దంతమునకు వేరు. చిన్న మరవంటి ఈ టైటేనియపు ముక్క సాధారణముగా పది మిల్లీమీటర్ల పొడవు, నాలుగు మిల్లీమీటర్ల మందము ఉండును. మత్తుసూది వేసి ఎముకలో రంధ్రము చేసి దీనిని బిగింతురు. రంధ్రము చేయునప్పుడు చల్లని నీరు పోయుచుందురు. ఏలయన, ఎముక 47 డిగ్రీల వేడిమికి చేరి ఒక నిమిషము నిలిచినచో అక్కడి కణములు దెబ్బతినును. అప్పుడు లోహమునకును ఎముకకును పొత్తు కుదరదు. పిమ్మట వేచియుండుట. బ్రోనెమార్క్ పద్ధతిలో క్రింది దవడకు మూడు నెలలు, పై దవడకు ఆరు నెలలు. ఇప్పుడు కొందరికి ఈ గడువు తగ్గినది గాని అందరికి తగ్గదు. అటుపైని దానిపై ఒక మెట్టు, ఆ మెట్టుపై పన్నువంటి తొడుగు అమర్తురు.

ఊడిన ప్రతి పంటికిని ఇదియే మార్గమని నేను చెప్పుట లేదు. ప్రక్క దంతములను అరగదీసి వానిపై నిలుపు బ్రిడ్జి కలదు. ప్రక్కవి చెడియున్నచో అది మంచి మార్గమే. అవి ఆరోగ్యముగా ఉన్నచో వానిని అరగదీయుట నష్టమే. తీసి పెట్టుకొను పళ్ళు కలవు. అవి ఖర్చు తక్కువ. నోరంతయు దంతములు లేనివారికి దంతమునకొక ఇంప్లాంటు అవసరము లేదు. క్రింది దవడలో రెండు ఇంప్లాంట్లు నాటి, వానికి గుండీవలె పట్టుకొనునట్లు కట్టుడు పళ్ళు అమర్చుటయే చాలును. 2002లో మాంట్రియల్ నగరమందలి మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున కూడిన నిపుణులు, దంతములు లేని క్రింది దవడకు మొట్టమొదట సూచింపవలసినది ఇదియే అనిరి. నాన్నగారికి చేసినదియు అదియే. మూడు నెలలు చక్కెరను అదుపులోనికి తెచ్చి, ఎముక మిగిలిన రెండు చోట్ల రెండు నాటిరి.

ఇక గృహస్థులుగా మనము గుర్తుంచుకొనవలసినవి కొన్ని కలవు. దంతము తీయించుకొను దినముననే, దాని స్థానమున ఏమి పెట్టవలెనో వైద్యుని అడుగుడు. ఎముకను చూపు త్రిపరిమాణ చిత్రము తీయక, మధుమేహమును గూర్చి, పొగాకును గూర్చి, ఎముకల బలమునకు వాడు మందులను గూర్చి అడుగక చికిత్సకు తొందరపెట్టువారిని నమ్మకుడు. ఎదుగుదల ముగియని పిల్లలకు సాధారణముగా ఇది తగదు. ఎంత ఖర్చగునో, ఎన్నిమార్లు రావలెనో, ఏ కంపెనీ ఇంప్లాంటు వేసిరో వ్రాయించి పుచ్చుకొనుడు. రేపు మరియొక ఊరికి బదిలీ అయినచో అక్కడి వైద్యునికి ఆ కాగితమే ఆధారము. ఖర్చు తిరిగి రాబట్టదలచినవారు, చికిత్స ముగిసిన పిమ్మట బిల్లులు పట్టుకొని తిరుగుట కాక, నియమములను, అనుమతిని ముందే చూచుకొనుట మేలు.

అన్నింటికంటె ముఖ్యమైనది ఇంకొకటి. టైటేనియము పుచ్చిపోదు, కాని దాని చుట్టునున్న చిగురు వాచును, ఎముక కరగును. సహజ దంతమునకు వేరుచుట్టు మెత్తని నారపొర ఉండును. రాయి తగిలినచో అది వెంటనే హెచ్చరించును. ఇంప్లాంటుకు ఆ పొర లేదు. కనుక అది బాధ తెలుపకయే చెడిపోగలదు. జాగ్రత్తగా చూచుకొన్నచో పది సంవత్సరముల తరువాత కూడ నూటికి తొంబదికి పైగా నిలిచియుండును. దంతధావనము మానినవానికి ఇది కూడ దక్కదు. సొంత పంటిని కాపాడుకొనలేని అలవాటు మారకుండ కొనితెచ్చుకొన్న పన్ను నిలుచునా?

క్రొత్త పళ్ళు అమర్చిన దినమున నాన్నగారు అద్దము అడుగలేదు. ఇంటికి వచ్చి, వరండాలో కూర్చుండి, నా కుమార్తెను పిలిచి, "అమ్మా, చలి అను, ఇప్పుడు చెలి అను" అనిరి. ఆమె రెండింటిని ఒకే తీరున పలికినది. వారు రెండింటిని వేరువేరుగా పలికి చూపిరి. నేను లోపలి గదిలో నిలిచి వింటిని. ఆరు సంవత్సరములు ఆ పలుకును ఇంటికి దూరము చేసినది వారి వయస్సు కాదు, నా జాగు అని అప్పుడు నాకు తోచినది.

ఈ ఉదయము మనమందరము ఉగాది పచ్చడి తింటిమి. అందలి మామిడి ముక్కను, చెరకు ముక్కను నమలలేక పులుసు మాత్రము త్రాగి ఊరకున్న పెద్దలు ఏ యింట నున్నారో ఆ యింటివారికి తెలియును. ఎవరికి ఏ చికిత్స తగునో వైద్యులు చెప్పుదురు. వారియొద్దకు తీసికొనిపోవలసినవారము మనము. ఆ ఫైలుపై "తరువాత చర్చింతము" అని మాత్రము వ్రాయకుడని మనవి చేయుచున్నాను.