నాణెముపై పూత - టంకశాల పొరపాటు



పాత నాణెములను దాచుకొను అలవాటు మన పల్లెలలో క్రొత్తది కాదు. దేవుని గూటిలోనో, పోపులపెట్టెలోనో, కుంకుమ భరిణెలోనో విక్టోరియా రాణి రూపాయిని దాచుకొన్న కుటుంబములు పెక్కు గలవు. అట్టి నాణెములలో నొకటి రంగు మారియో, అచ్చు తప్పియో కనబడినచో, ఇది టంకశాలలో జరిగిన పొరపాటేమో, దీనికి లక్షలు పలుకునేమో యను ఆశ పుట్టుట సహజము. ఆ ఆశనే వలగా పన్నువారును గలరు. పాత నాణెములను, నోట్లను కొందుమని చెప్పి రుసుమనియు, పన్ననియు ముందుగా డబ్బు గుంజు మోసగాండ్రు తన పేరును వాడుకొనుచున్నారని భారత రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరింపవలసి వచ్చినది. కావున నిజమైన పొరపాటేదో, పైపూత యేదో తెలియుట సామాన్య గృహస్థునకును అవసరమే.

నాణెము పుట్టు విధము తెలిసినవానికి ఈ పరీక్షలో సగము పని తీరినట్లే. టంకశాలలో మొదట లోహమును రేకుగా సాగదీయుదురు. రేకునుండి గుండ్రని బిళ్లలను కొట్టుదురు. బిళ్ల అంచును కొంచెము పైకి లేపి, కాచి మెత్తపరచి, కడిగి, కడకు రెండు అచ్చుల నడుమ నుంచి యంత్రముతో నొత్తుదురు. నిజమైన పొరపాటు ఈ మెట్లలో నెక్కడనో యొకచోట జరిగి తీరవలయును. బిళ్ల కొట్టునపుడు రేకు సరిగా కదలనిచో నాణెమున కొకప్రక్క కొరికినట్లు లోటు కలుగును. అట్టి నాణెమున లోటునకు సరిగా ఎదుటనున్న అంచు గూడ తరచుగా పలుచబడి యుండును. అచ్చు పగిలినచో ఆ పగులులోనికి లోహము చొచ్చుకొని నాణెముపై ఉబ్బెత్తు గీత యేర్పడును. తరువాత ఎవరో గీసిన గీత యైనచో పల్లముగా నుండును. “ఇది టంకశాలలో ఏ మెట్టున జరిగియుండును?” అను ప్రశ్నకు సమాధానము దొరకని వింత, టంకశాల దాటిన పిమ్మట మానవహస్తమున పుట్టినదని యెంచుట క్షేమము.

పూతలో గొప్ప మర్మమేమియు లేదు. మైలుతుత్తము కలిపిన నీట ఇనుపమేకును ముంచిన కొంతసేపటికి అది రాగిరంగు పొందుట రైతు లెరిగినదే. విద్యుత్తు సాయముతో ఆ పూతను మరింత దట్టముగాను, నున్నగాను పట్టింపవచ్చును. గిల్టునగ మెరసినంత మాత్రమున బంగారము కానట్లే, రంగు మారిన నాణెము పొరపాటు నాణెము కాజాలదు.

ఇందుకు లోకప్రసిద్ధమైన దృష్టాంతము అమెరికా దేశపు 1943వ సంవత్సరపు సెంటు. రెండవ ప్రపంచ యుద్ధమునకు రాగి యెంతయో కావలసివచ్చి, ఆ యేడు అక్కడి ప్రభుత్వము సెంటును కంచుతో గాక, జింకు పూసిన ఉక్కుతో ముద్రించినది. అదే యేట మన దేశమున నడుమ రంధ్రముగల కాణీ వెలువడుటకు గూడ లోహపు కొరతయే కారణము. అమెరికాలో నూరుకోట్లకు పైగా ఉక్కు సెంటులు తయారైనవి. కాని 1942లో మిగిలిన కంచుబిళ్లలు కొన్ని తొట్ల మూలల చిక్కుకొని, పిదప ఉక్కుబిళ్లలతోపాటు యంత్రములోనికి జారినవని నిపుణుల అభిప్రాయము. అట్టి సెంటులలో నేటికి తెలిసినవి సుమారు ఇరువది మాత్రమే. వాని విలువ తెలిసిన నాటినుండి ఉక్కు సెంటులకు రాగిపూత పూసినవి లెక్కకు మిక్కిలిగా బయలుదేరినవి.

ఈ రెంటిని వేరుచేయుట కష్టము కాదు. మొదటిది సూదంటురాయి. ఉక్కు సెంటు ఎంత రాగి పూసినను దాని కంటుకొనును. కంచు సెంటు అంటుకొనదు. రెండవది తూనిక. ఉక్కు సెంటు 2.7 గ్రాములు, కంచు సెంటు 3.11 గ్రాములు. ఈ భేదము మూడు గురివింద గింజలకు మించిన యెత్తు. కంసాలి త్రాసు దానిని చక్కగా పట్టగలదు. పలుచని పూత అంత బరువును చేర్చజాలదు. మూడవది కంటిచూపు. భూతద్దముతో చూడుడు. వాడుకలో నరిగిన యెత్తులపై గూడ రంగు క్రొత్తగా నున్నచో, అరిగిన తరువాతనే పూత పూసిరన్నమాట. ఎత్తులపై వేరొక రంగు తొంగిచూచుచున్నచో పూత అరిగి లోపలి లోహము బయటపడినదన్నమాట. అక్షరముల మూలలు మొద్దుబారుట, చిన్న బొబ్బలు లేచుట గూడ పూతకు గుర్తులే.

ఒక్క పరీక్షతో తృప్తిపడరాదు. 1948వ సంవత్సరపు కంచు సెంటున ఎనిమిది అంకెను చెక్కి మూడుగా మార్చిన మోసగాండ్రు గలరు. అది సూదంటురాయికి అంటుకొనదు, తూకమునకు సరిపోవును. దానిని పట్టియిచ్చునది అంకె యాకృతియే. నిజమైన 1943లో మూడంకె తోక పొడవుగా క్రిందికి దిగియుండును.

మన రూపాయలకును ఈ వివేకము పనికివచ్చును. విక్టోరియా రూపాయి నూటికి తొంబదియొక పాళ్లకు పైగా వెండిగలది, బరువు 11.66 గ్రాములు, సూదంటురాయి కంటుకొనదు. పులి బొమ్మగల 1947వ సంవత్సరపు రూపాయి యన్ననో శుద్ధ నికెలు; అది అసలైనదే యయ్యును సూదంటురాయి కంటుకొనును. కావున ఏ నాణెము ఏ లోహముతో చేయబడినదో ముందు తెలిసికొని పిమ్మట పరీక్షింపవలయును. అనుమానము తీరకముందు చింతపండుతో తోమరాదు, ఆకురాతితో రాయరాదు. అసలైన నాణెమైనచో విలువ మన చేతులతోనే పోవును.

అపనమ్మకమును గూడ మితిమీరనీయరాదు. 1947లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున పిట్స్‌ఫీల్డ్ పట్టణపు పాఠశాల ఫలహారశాలలో, పదునారేండ్ల బాలునకు చిల్లరగా 1943 నాటి రాగిరంగు సెంటు దొరికినది. ఆ యేటి సెంటులన్నియు ఉక్కువేయని ప్రభుత్వ ఖజానాశాఖ వారు సమాధాన మిచ్చిరి. అతడు వాదులాడలేదు, నాణెమును పారవేయనులేదు. డెబ్బది యేండ్లు భద్రపరచెను. అది నిజమైన కంచు సెంటేయని తరువాత నిశ్చయమైనది. ఆయన గతించిన పిమ్మట, 2019 జనవరిలో అది వేలమున 2,04,000 డాలర్లకు అమ్ముడుపోయినది. ఆ సొమ్ము ఆ పట్టణపు గ్రంథాలయమునకు చెందునని వేలము వేసినవారు ప్రకటించిరి.

ఆశతో తొందరపడిన వాడు పూతకు మోసపోవును. పరీక్షింపకయే త్రోసివేసిన వాడు అసలును పోగొట్టుకొనును. త్రాసు, సూదంటురాయి, భూతద్దము ఈ మూడును కొద్ది ఖర్చుతో దొరకునవే. వానితో చూచినదాని యర్థమును తెలుపు గ్రంథము మాత్రము ఇట్టి గ్రంథాలయముననే లభించును. ఇంటనున్న పాత నాణెమును అమ్మకమునకు తీయుటకు ముందు, ఒక్కమారు గ్రంథాలయపు బల్లమీదికి తెచ్చుట మేలు.