లేటెక్ మేట్రిక్స్‌లో బ్లాకు చుట్టూ బాక్స్ గీయడం ఎలా?

ప్రాజెక్ట్ రిపోర్ట్ లేటెక్‌లో టైప్ చేస్తున్నవాళ్ళకి ఈ ఎపిసోడ్.

ఒక 4×4 జోర్డాన్ మేట్రిక్స్ తీసుకోండి. డయాగనల్ మీద అన్నీ 2లే. దానికి ఆనుకుని పైన 1, 1, 0 ఉంటే బ్లాకుల సైజులు 3, 1. అదే 1, 0, 1 ఉంటే 2, 2. కేరక్టరిస్టిక్ పాలినామియల్ రెండిటికీ ఒక్కటే. మినిమల్ పాలినామియల్ డిగ్రీ మాత్రం మొదటిదానికి 3, రెండోదానికి 2. ఒక్క సున్నా చోటు మారితే ఆన్సరే మారిపోయింది! ఫోన్‌లో పీడీఎఫ్ చదివేవాళ్ళ కంటికి ఆ సున్నా ఆనుతుందా? బ్లాకు చుట్టూ గీత ఉంటే చూడగానే తెలిసిపోతుంది.

చాలామంది అర్రే వాడి నిలువు గీతలు, హెచ్‌లైన్‌లు పెట్టేస్తారు. రెండు బ్లాకులైతే సరే. మూడైతే గీతలు ఈ చివర్నుంచి ఆ చివరికి పోయి తొమ్మిది గళ్ళు పడతాయి, ఉత్త సున్నాలకి కూడా బాక్సే. అచ్చం వైకుంఠపాళీ పటం!

నా ఓటు నైస్‌మేట్రిక్స్ ప్యాకేజీకి. మామూలు పీమేట్రిక్స్ బదులు అందులోని పీనైస్‌మేట్రిక్స్ వాడండి. బ్లాకు మొదలయ్యే పై ఎడమ గడిలో బ్లాక్ కమాండ్ రాసి, ఆప్షన్‌గా డ్రా ఇచ్చి, సైజు 2-2 అనండి. ముందు వరసలు, తర్వాత కాలమ్స్. చివరి బ్రాకెట్లు ఖాళీగా వదిలేస్తే లోపలి అంకెలు అలాగే ఉంటాయి.

రన్ చేస్తే బాక్స్ రాలేదా? కోడ్ ముట్టుకోకండి. గడుల కొలతలు మొదటిసారి ఫైల్‌లో రాసుకుని, రెండోసారి గీత గీస్తుంది. ఇంకోసారి కంపైల్ కొట్టండి.