చక్రం మొరాయించినప్పుడు



కంప్యూటరు ముందు కూర్చున్నవారి చేతికింద ఉండే చిన్న పరికరం మౌస్. మా కోలారు జిల్లా నరసాపురంలో చాలామంది పిల్లలకు ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. కాబట్టి వాళ్ల నోట అది ఒకసారి ఎలుక, ఇంకోసారి ఇలి. పేరేదైనా, దాని వీపు మీద ఉండే చక్రం మొరాయిస్తే అందరికీ ఒకటే అవస్థ. కిందికి తిప్పితే పేజీ పైకి ఎగురుతుంది, లేదా ఉన్నచోటే వణుకుతుంది, లేదా అసలు కదలదు. అలాంటప్పుడు ఏం చూడాలి, ఏ వరుసలో చూడాలి అన్నది ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం.

ముందుగా నా పొరపాటు ఒకటి చెబుతాను. నేను పనిచేసిన ఒక బడిలో ఎనిమిదో తరగతి అమ్మాయి కంప్యూటరులో పాఠం చదువుతూ ఉండగా పేజీ కిందికీ పైకీ గెంతడం మొదలుపెట్టింది. "ఈ అమ్మాయే విరగ్గొట్టింది సార్" అన్నారు తోటి పిల్లలు. నేనూ పరీక్షించకుండానే నమ్మాను. ఇంట్లో చెప్పి కొత్తది తెమ్మన్నాను. మర్నాడు ఆమె తండ్రి కూలిపని మానుకుని వచ్చాడు. జేబులోంచి మడతపెట్టిన నోట్లు తీసి, "పిల్ల తెలీక చేసుంటాది సార్, తప్పనుకోవద్దండి" అన్నాడు. డబ్బు తీసుకున్నాను. కొత్తది కొనేముందు ఒకసారి చూద్దామని ఆ సాయంత్రం పాత మౌస్ మరలు విప్పాను. లోపల చక్రం ఇరుసుకు తలవెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి. వాటి మీద తెల్లగా సుద్దపొడి పేరుకుని ఉంది. ఆ సుద్దపొడి నల్లబల్ల మీద నేను రాసిన రాతలదే. ఆ అమ్మాయి తప్పు అందులో ఆవగింజంత కూడా లేదు.

ఆ పొడికీ, పేజీ గెంతడానికీ సంబంధం ఏమిటో తెలియాలంటే చక్రం పనితీరు కొంచెం తెలుసుకోవాలి.

మౌస్ మొదట పుట్టినప్పుడు దానికి ఈ చక్రం లేదు. 1960ల్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బర్ట్ ఆలోచనకు బిల్ ఇంగ్లిష్ రూపమిచ్చాడు. అది చెక్కతో చేసిన చిన్న డబ్బా. 1968 డిసెంబరు 9న దాన్ని సభాముఖంగా ప్రదర్శించారు. వేలితో తిప్పే చక్రం 1990ల నడుమ వచ్చింది. 1996లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఇంటెల్లీమౌస్ తరువాత అది ఇంటింటికీ చేరింది.

చక్రం తిరిగినట్టు కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది? ఒక ఎద్దుల బండి చక్రాన్ని ఊహించుకోండి. దాని ఆకుల పక్కన ఇద్దరు పిల్లలు కొద్దిపాటి ఎడంతో నిలబడి, తమ ముందు నుంచి ఆకు దాటగానే "వచ్చింది" అని అరుస్తున్నారనుకోండి. మొదట ఎడమ పిల్లవాడు, వెంటనే కుడి పిల్లవాడు అరిస్తే బండి ముందుకు పోతున్నట్టు. కుడివాడు ముందు అరిస్తే వెనక్కి వస్తున్నట్టు. మౌస్‌లోనూ ఇంతే. కొన్నింటిలో ఈ ఇద్దరి పనీ రెండు లోహపు రేకులు చేస్తాయి, మరికొన్నింటిలో కంటికి కనపడని పరారుణ కాంతిని పసిగట్టే రెండు గ్రాహకాలు చేస్తాయి. దుమ్ము అడ్డుపడినా, రేకులకు చిలుము పట్టినా ఒకరి కేక సరిగ్గా వినపడదు. ఎవరు ముందో తేలక కంప్యూటరు తికమకపడుతుంది. పేజీ గెంతేది అందుకే. చక్రం విరిగిందని దానికి అర్థం కాదు.

ఇక పరీక్ష సంగతి. మా నరసాపురంలో 2013లో హోండా ద్విచక్ర వాహనాల కర్మాగారం వచ్చింది. బండ్లు బాగుచేసే చేతులకు మా ప్రాంతంలో కరువు లేదు. బండి కదలకపోతే మంచి మెకానిక్ ముందుగా ఇంజను విప్పడు. పెట్రోలు ఉందా, ప్లగ్గు బాగుందా అని చూస్తాడు. ఒక్కసారికి ఒక్కటే మారుస్తాడు. మనమూ అదే పద్ధతి పాటిద్దాం.

మొదటిది, మౌస్‌ను ఇంకో కంప్యూటరుకు పెట్టి చూడండి. అక్కడా అదే తంతు అయితే లోపం మౌస్‌ది. అక్కడ బాగా పనిచేస్తే లోపం మీ కంప్యూటరులో ఉంది. ఈ ఒక్క పరీక్షతో సగం చిక్కు విడిపోతుంది. రెండో కంప్యూటరు లేకపోతే, మరొకరి మౌస్‌ను తెచ్చి మీదానికి పెట్టి చూడండి.

రెండవది, తీగ లేని మౌస్ అయితే బ్యాటరీ మార్చండి. తీగ ఉన్నదైతే తీసి, ఇంకో యుఎస్‌బి రంధ్రంలో పెట్టండి. కంప్యూటరును ఒకసారి ఆపి మళ్లీ వేయండి.

మూడవది, కీబోర్డును కూడా అనుమానించండి. చక్రం తిప్పితే పేజీ కదలకుండా అక్షరాలు పెద్దవీ చిన్నవీ అవుతున్నాయా? అయితే కంట్రోల్ మీట నొక్కుకుపోయి ఉండవచ్చు. కంట్రోల్ నొక్కిపట్టి చక్రం తిప్పితే అక్షరాల పరిమాణం మారడం మామూలే. ఒలికిన టీ ఎండి ఆ మీట పైకి లేవకపోతే నింద మౌస్ మీద పడుతుంది.

నాలుగవది, ఒకే ఒక ప్రోగ్రాంలో ఇబ్బంది ఉందా, అన్నింటిలోనా చూడండి. ఒక్కదానిలోనే అయితే దాన్ని మూసి మళ్లీ తెరవండి. విండోస్ వాడేవారు సెట్టింగ్స్‌లో మౌస్ అనే భాగం చూడండి. చక్రం ఒక్క మెట్టు తిరిగితే ఎన్ని వరుసలు కదలాలో అక్కడ ఉంటుంది. మామూలుగా అది 3 ఉంటుంది.

ఇవన్నీ చూశాక లోపం మౌస్‌దే అని తేలితే శుభ్రం చేయాలి. ముందు తీగ ఊడదీయండి, బ్యాటరీ ఉంటే తీసేయండి. మౌస్‌ను తలకిందులుగా పట్టుకుని, చక్రం తిప్పుతూ, చక్రం పక్క సందులోకి గాలి కొట్టండి. చాలాసార్లు దీనితోనే సరిపోతుంది. సరిపోకపోతే మరలు విప్పాలి. మరలు పైకి కనపడకపోతే అడుగున అంటించిన మెత్తల కిందా, కాగితపు చీటీ కిందా వెతకండి. వెంట్రుకలను పట్టకారుతో తీసి, దుమ్మును మెత్తని పొడి కుంచెతో దులపండి. రేకులు ఉన్న భాగంలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒకటి రెండు చుక్కలు వేసి, చక్రం పలుమార్లు తిప్పి, పూర్తిగా ఆరనివ్వండి. ఆరకముందు కంప్యూటరుకు తగిలించకూడదు.

ఇక్కడ రెండు హెచ్చరికలు. బిగుసుకున్న ప్రతిదానికీ కొబ్బరినూనె వేయడం మన ఇళ్లలో అలవాటు. మౌస్‌కు మాత్రం వద్దు. నూనె దుమ్మును పట్టుకుని జిగురవుతుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు చాలా ఇళ్లలో శానిటైజరు కొన్నారు. అదీ వద్దు. అందులో నీరు ఉంటుంది, చాలావాటిలో గ్లిసరిన్ కూడా కలుపుతారు.

శుభ్రం చేసినా గెంతడం ఆగకపోతే రేకులు అరిగి ఉంటాయి. ఆ చిన్న భాగాన్ని ఎన్‌కోడర్ అంటారు. ఎలక్ట్రానిక్ సామాన్ల అంగడిలో దొరుకుతుంది. పాతదాని ఎత్తు కొలిచి, అదే ఎత్తున్నది కొనాలి. టంకం పెట్టడం తెలిసినవారికి ఇది చిన్న పనే. అంతదాకా పని ఆగనక్కర్లేదు. పేజ్ డౌన్, పేజ్ అప్ మీటలతోనూ, బాణం గుర్తు మీటలతోనూ పేజీని కదిలించుకోవచ్చు.

చివరికి పారేయక తప్పకపోతే చెత్తకుప్పలో వేయకండి, తగలబెట్టకండి. ఎలక్ట్రానిక్ వ్యర్థాలను తీసుకునేవారికి ఇవ్వండి.

ఆ అమ్మాయి మౌస్ సంగతి చెప్పి ముగిస్తాను. శుభ్రం చేస్తే పది నిమిషాల్లో బాగైంది. మర్నాడు తరగతిలో అందరి ముందూ దాన్ని విప్పి చూపించాను. సుద్దపొడి నాదేననీ, నింద వేసింది కూడా నేనేననీ ఒప్పుకున్నాను. డబ్బు తండ్రికి తిరిగి ఇచ్చాను. ఆయన నోట్లు లెక్కపెట్టుకోలేదు. "అయితే మా పిల్ల చెడగొట్టలేదు కదా సార్" అని రెండుసార్లు అడిగాడు. ఆయనకు కావలసింది ఆ మాటే.

ఇంట్లో గానీ బళ్లో గానీ ఒక వస్తువు చెడినప్పుడు "ఎవరు చేశారు" అన్న ప్రశ్న మన నోటికి ముందు వస్తుంది. ఈసారి దాన్ని కాసేపు ఆపి, "ఎక్కడ చెడింది" అని అడిగి చూడండి. ఇంకో కంప్యూటరుకు తగిలించి చూడటానికి రెండు నిమిషాలు పట్టదు. పిల్లల మీద పడ్డ నింద తుడవాలంటే అంతకన్నా చాలా ఎక్కువ కాలం పడుతుంది.