స్టీరింగులోని మందు డబ్బా

నౌపడ, సంతబొమ్మాళి, టెక్కలి, కోటబొమ్మాళి... మన ఊళ్లన్నిటికీ పదహారో నంబరు జాతీయ రహదారే పెద్ద దారి. శ్రీకాకుళం ఆసుపత్రికి వెళ్లాలన్నా, విశాఖలో పెళ్లికి వెళ్లాలన్నా అదే. 2012 నవంబరు 2న, అర్ధరాత్రి దాటాక, రణస్థలం దగ్గర ఆ దారి మీదే కారు ట్యాంకరును ఢీకొని కేంద్ర మాజీ మంత్రి, నిమ్మాడ ఎర్రన్నాయుడు గారు మనకు దక్కకుండా పోయారు. ఆ తెల్లవారి కబురు ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. ఆ దారిలో రోజూ తిరిగేవాళ్లం కాబట్టి, ఇవాళ కారులోని ఎయిర్‌బ్యాగు గురించి, అందులోనూ ఆ సంచిని ఉబ్బించే గ్యాసు డబ్బా గురించి చెబుతాను.

మన దేశంలో 2019 జులై 1 నుంచి కొత్త కార్లన్నిటికీ డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి. 2021లో పక్క సీటుకూ పెట్టాలన్నారు. అంటే ఇప్పుడు మన వీధుల్లో తిరిగే చాలా కార్ల స్టీరింగు మధ్యలో ఒక మందు డబ్బా ఉంది. మందు అంటే నిప్పు తగిలితే మండే మందే. సంచిలో ముందే గాలి నింపి ఉంచుతారని కొందరు అనుకుంటారు. అలా కాదు. మడత పెట్టిన ఖాళీ సంచి అది. కారు గట్టిగా గుద్దుకోగానే సెన్సరు నుంచి కరెంటు వస్తుంది, చిన్న వత్తి లాంటిది అంటుకుంటుంది, డబ్బాలోని బిళ్లలు మండి గ్యాసు పుడుతుంది. సెకనులో ముప్పయ్యో వంతు, నలభయ్యో వంతు కాలంలో సంచి నిండిపోతుంది. మనిషి రెప్ప వేయడానికి అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది.

మొదటి రోజుల్లో ఆ బిళ్లల్లో సోడియం అజైడు వాడేవారు. అది మండితే నైట్రోజన్ వస్తుంది. మనం పీల్చే గాలిలో ముప్పాతిక వంతుకు పైగా ఉండేది అదే. అయితే మండకముందు సోడియం అజైడు గట్టి విషం. పైగా మండాక మిగిలే సోడియంను అణచడానికి వేరే రసాయనాలు కలపాలి. అందుకని తర్వాత చాలా కంపెనీలు గ్వానిడిన్ నైట్రేటుకి మారాయి. జపాను కంపెనీ టకాటా మాత్రం అమ్మోనియం నైట్రేటు ఎంచుకుంది. ఎరువుల్లోనూ, గనుల పేలుడు మందుల్లోనూ వాడేది, మన విశాఖ రేవులో దిగేది, అదే సరుకు. చవక, గ్యాసు ఎక్కువ ఇస్తుంది. కానీ దానికి తేమ పడదు.

ఈ మాట నౌపడ వాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. వానాకాలం వచ్చేసరికి ఉప్పు రాశుల మీద తాటాకు కప్పేది ఎందుకో మీకు తెలుసు. అమ్మోనియం నైట్రేటు కూడా ఉప్పులాగే గాలిలోని చెమ్మ లాగేసుకుంటుంది. పైగా సుమారు 32 డిగ్రీల దగ్గర దాని స్ఫటికాల తీరు మారి బిళ్ల ఉబ్బుతుంది, చల్లబడితే కుంచించుకుపోతుంది. దాన్ని ఆపడానికి టకాటా వేరే పదార్థం కలిపింది. అయినా ఏళ్ల తరబడి పగటి ఎండ, రాత్రి చెమ్మ తగిలేసరికి బిళ్లలు గుల్లబారాయి. గుల్లబారిన బిళ్ల ఒక్కసారిగా మండుతుంది. ఆ ఒత్తిడికి ఇనుప డబ్బానే పగిలి, ముక్కలు సంచిని చీల్చుకుని డ్రైవరు మెడకూ ముఖానికీ తగిలాయి. మామూలుగా అయితే గాయంతో బయటపడాల్సిన చిన్న గుద్దుళ్లలో కూడా మనుషులు చచ్చిపోయారు. ప్రపంచమంతటా ముప్పై మందికి పైగా పోయారు. 2008లో హోండాతో మొదలై, పది కోట్లకు పైగా డబ్బాలను వెనక్కి పిలిచారు. 2017 జూన్‌లో టకాటా దివాలా తీసింది.

అమెరికాలో ముందుగా మార్చమన్నది ఎక్కడివో తెలుసా? ఫ్లోరిడా, టెక్సాస్ లాంటి వేడి, ఉక్క ఉన్న రాష్ట్రాల కార్లను. మన తీరం వాతావరణం అలాంటిదే. మన దేశంలోనూ హోండా సిటీ, జాజ్, సివిక్, అకార్డ్ కార్లలో కొన్నిటిని ఇందుకోసమే వెనక్కి పిలిచారు. డబ్బా ఉచితంగా మారుస్తారు. అసలు యజమానికి కంపెనీ ఉత్తరం రాసి ఉంటుంది. కానీ ఆ కారు చేతులు మారి, మూడో మనిషి దగ్గర టెక్కలిలో ఉంటే ఆ ఉత్తరం ఎవరికి చేరుతుంది? నాకు ఎక్కువ బెంగ ఈ సెకండ్ హ్యాండు కార్ల గురించే. టెక్సాస్‌లో చదువుకుంటూ పాత కారు కొనుక్కున్న మన పిల్లలకు కూడా ఇదే మాట ఫోనులో చెప్పండి.

పాత కారు కొనేటప్పుడు ఇంకో మోసం కూడా ఉంది. ఒకసారి తెరుచుకున్న సంచి మళ్లీ పనికిరాదు, డబ్బాతో సహా కొత్తది వేయాలి. ఖర్చని కొందరు అది వేయకుండా మూత అతికించేసి అమ్మేస్తారు. పట్టుకోవడం ఎలాగంటే, తాళం తిప్పగానే మీటర్ల దగ్గర ఎర్రగానో పసుప్పచ్చగానో, మనిషి ముందు గుండ్రటి సంచి ఉన్న బొమ్మ వెలుగుతుంది. కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే ఎయిర్‌బ్యాగు వ్యవస్థలో లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించాలి, బల్బు పీకేసి ఉండొచ్చు. 2018 తిత్లీ లాంటి తుపానులో నీట మునిగిన కారైతే, సీట్ల కింది వైర్లు, కంట్రోలు పెట్టె చూపించకుండా కొనవద్దు.

ఇక బెల్టు. బెల్టు పెట్టకపోతే ఎయిర్‌బ్యాగు తెరుచుకోదని కొందరంటారు. తెరుచుకునే కార్లు చాలానే ఉన్నాయి, చిక్కు అక్కడే వస్తుంది. బెల్టు లేని మనిషి ముందుకు ఎగిరి, గంటకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో వచ్చే సంచికి ఎదురెళతాడు. 2018 ఆగస్టు 29న నల్లగొండ జిల్లా అన్నెపర్తి దగ్గర సినీ నటుడు నందమూరి హరికృష్ణ గారు స్వయంగా నడుపుతున్న కారులోంచి బయటికి విసిరివేయబడి పోయారు. ఆయన బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. అంత జరిగాక కూడా బెల్టు అలారం మోగకుండా ఆపే క్లిప్పులు ఆన్‌లైన్‌లో అమ్మితే, 2023 మేలో వినియోగదారుల రక్షణ సంస్థ వాటిని తీసేయించాల్సి వచ్చింది. మీ కారులో అలాంటిదుంటే ఇవాళే పీకి పారేయండి.

ఛాతీకీ స్టీరింగుకీ మధ్య కనీసం పది అంగుళాలు ఉండాలి. ముందు సీటులో చంటిబిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకోవద్దు, పిల్లలు వెనకే. డ్యాష్‌బోర్డు మీద అతికించిన దేవుడి విగ్రహం సరిగ్గా సంచి మూత మీద ఉంటే, అది మీ ముఖం మీదికే వస్తుంది. దయచేసి చోటు మార్చండి. కాళ్లు డ్యాష్‌బోర్డు మీద పెట్టవద్దు.

రహదారి పక్క ఊళ్ల కుర్రాళ్లకు ఒక మాట. ప్రమాదం జరగగానే ముందు పరుగెత్తేది మీరే. కారులో తెల్లటి పొడి, కాలిన వాసన ఉంటే చాలాసార్లు అది సంచిదే, మంట కాకపోవచ్చు. తెరుచుకోని సంచి ఉంటే దానికీ గాయపడ్డవారికీ మధ్య తల పెట్టవద్దు. వీలైతే బ్యాటరీ నెగెటివ్ వైరు తీయండి. తీశాక కూడా కొన్ని నిమిషాల పాటు సంచి తెరుచుకోవచ్చు.

రేపు కారు తీసేటప్పుడు తాళం తిప్పి ఆ దీపం చూడండి. మీది పాత హోండా అయితే, ఆర్‌సీ కార్డు మీది చాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైటులో కొట్టండి, లేదా సర్వీసు సెంటరుకు ఫోను చేసి చెప్పండి. డబ్బా మార్చాల్సి ఉంటే పైసా తీసుకోరు.