నోరు పూసిందని వైద్యం మానకండి

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగపాఠం)



మన ఇళ్ళల్లో ఎవరికైనా నోరు పూస్తే ఏం చేస్తాం? వేడి చేసిందంటాం, మజ్జిగ తాగమంటాం, కాస్త నెయ్యి రాస్తాం. నాలుగు రోజుల్లో అదే తగ్గిపోతుంది. కాని నోటికో, గొంతుకో కాన్సరు వచ్చి రేడియేషన్ చేయించుకునేవాళ్ళకు, అంటే మనవాళ్ళు కరెంటు పెట్టించుకోవడం అంటారే, వాళ్ళకు వచ్చే పూత అలాంటిది కాదు. ఈ సంగతి నాకు మా అత్తగారి జబ్బుతో తెలిసింది.

ఆవిడది శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డు పల్లెటూరు. ఆ ప్రాంతంలో పెద్దతరం ఆడవాళ్ళు చాలామందికి ఉన్నట్టే ఆవిడకూ అడ్డపొగ అలవాటు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. ఆ వేడీ, పొగా తిన్నగా అంగిటికి తగులుతాయి. చివరికి అంగిట్లోనే కాన్సరు వచ్చింది. ఆపరేషనయ్యాక వారానికి అయిదు రోజుల చొప్పున 30 సార్లు కరెంటు పెట్టాలన్నారు.

రెండు వారాలు బాగానే గడిచాయి. మూడోవారంలో నోరంతా ఎర్రబడి పుళ్ళు లేచాయి. జబ్బుమనిషి కదా అని నేను మిరియాల చారు పోసి మెత్తగా అన్నం కలిపి పెట్టాను. మొదటి ముద్దకే ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “ఇంక నావల్ల కాదే అమ్మాయ్, రేపట్నించి ఆస్పత్రికి రాను” అన్నారు. ఆ బాధ చూడలేక నేనూ సరేనన్నాను. రెండు రోజులు ఇంట్లోనే ఉండిపోయాం.

మూడోరోజు డాక్టరమ్మగారు కబురుచేసి పిలిపించారు. “మధ్యలో ఆపితే మిగిలిన కాన్సరు కణాలు మళ్ళీ పుంజుకుంటాయి. నొప్పికి మందుంది. నాతో ఎందుకు చెప్పలేదు?” అని అడిగారు. నాకు తల కొట్టేసినట్లయింది.

నోటిలోపలి పొర ఎప్పటికప్పుడు పాతది పోయి కొత్తది వస్తూ ఉంటుందిట. కరెంటు ఆ కొత్త పొరను రానివ్వదు. అందుకే రెండు, మూడు వారాలకల్లా పొర పలచబడి పుళ్ళు పడతాయి. దాంతోపాటు కీమో ఇంజెక్షన్లు కూడా ఇస్తే పూత ఇంకా ఎక్కువ. వైద్యం పూర్తయ్యాక కొన్ని వారాల్లో పుళ్ళు మానతాయి. అంతదాకా నోటిని కాపాడుకోవడమే మన పని. ఆ పని పుళ్ళు వచ్చాక కాదు, ముందే మొదలుపెట్టాలి.

కరెంటు మొదలవక మునుపే పళ్ళ డాక్టరుకు చూపించండి. పుచ్చిన పన్ను తీయాల్సివుంటే అప్పుడే తీయించాలి. తర్వాత తీస్తే దవడ ఎముక సరిగా మానక పెద్ద చిక్కవుతుంది.

మొదటి రోజునుంచే నోరు పుక్కిలించాలి. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒక టీచెంచా ఉప్పు, ఒక టీచెంచా తినేసోడా కలపండి. ఏ రోజుకారోజు కొత్తగా కలుపుకోవాలి. తిన్న ప్రతిసారీ, పడుకునేముందూ, మధ్యమధ్యా పుక్కిలించి ఉమ్మేయాలి. బజారులో దొరికే మౌత్‌వాష్‌లలో ఆల్కహాలు ఉన్నవి వద్దు, అవి మంట పుట్టిస్తాయి. పళ్ళకు చాలా మెత్తని బ్రష్షే వాడాలి. వేపపుల్లా, బొగ్గుపొడీ పనికిరావు. కట్టుడుపళ్ళు రాత్రి తీసేయాలి. బెంజిడమిన్ అనే పుక్కిలించే మందుంది. కొన్ని ఆస్పత్రుల్లో తక్కువ శక్తిగల లేజరు కాంతి కూడా పెడుతున్నారు. ఇవి మనకు పనికొస్తాయా అని మొదట్లోనే అడగండి.

తిండి మెత్తగా, చప్పగా, గోరువెచ్చగానో చల్లగానో ఉండాలి. రాగిజావ, పాలలో నానబెట్టిన ఇడ్లీ, నెయ్యి వేసిన పలుచని పెసరకట్టు, మెత్తగా చిదిమిన అరటిపండు, పాలూ గుడ్డూ కలిపి ఉడికించిన కస్టర్డు మా అత్తగారికి దిగాయి. పులుపు, కారం, వేపుళ్ళు, అప్పడాలు, పొగలుగక్కే కాఫీ దగ్గరకు రానీయకండి. ఒకేసారి తినలేరు కనుక రోజుకు ఆరేడుసార్లు కొంచెంకొంచెం పెట్టండి. వారానికొకసారి బరువు చూడండి. బరువు తగ్గిపోతూంటే డాక్టర్లు ముక్కులోంచి గొట్టం వేసి పాలూ జావా పోయిస్తారు. అది చూసి ఇక అంతే అనుకోకండి. మింగగలిగాక తీసేస్తారు.

నొప్పి ఓర్చుకోవడం గొప్పకాదమ్మా. భోజనానికి ముందు నొప్పిమందు వేస్తే నాలుగు ముద్దలు దిగుతాయి. మార్ఫిన్ అన్నా భయపడకండి, డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే మేలే చేస్తుంది. జ్వరం 100.4 దాటినా, నోట్లో తెల్లని మచ్చలు కట్టినా, రక్తం ఆగకుండా కారినా, మంచినీళ్ళు కూడా దిగకపోయినా మర్నాటిదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. ఇక చుట్ట, బీడి, జర్దా, గుట్కా, సారా అన్నీ పూర్తిగా మానాల్సిందే.

మా అత్తగారు మిగిలిన రోజులన్నీ పూర్తిచేశారు. నెలదాటాక పుళ్ళు మానాయి. నోట్లో తడి మాత్రం ఇంకా సరిగా ఊరదు, పక్కన నీళ్ళ సీసా ఉండాల్సిందే. ఆవకాయ జాడీ మూత తీసి వాసన చూసి, మళ్ళీ మూత పెట్టేస్తారు.

నేను పోగొట్టిన ఆ రెండు రోజులూ మాత్రం నాకిప్పటికీ గుర్తొస్తూనే ఉంటాయి. మీ ఇంట్లోవాళ్ళు “ఇంక నావల్ల కాదు” అన్నరోజున సరేనని ఊరుకోకండి. చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళి, “ఈ నొప్పి తగ్గించండి” అని అడగండి.