"ఏ ఊరు మాస్టారూ మీది?"

(మన సంఘం వార్షిక సమావేశంలో ఒక ఉర్దూ మీడియం ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొనే వాణ్ణి. రోజూ పిల్లల ముందు గొంతు చించుకొనే వాడికి సభాకంపం ఉండగూడదు. కాని పిల్లలు తప్పులు పట్టరు, పెద్దలు పడతారు. పైగా తెలుగులో మాట్లాడమన్నారు. నా మాటల్లో కడప యాస దొర్లితే మన్నించమని మాత్రం అడగను. ఎందుకు అడగనో చివరికి మీకే తెలుస్తుంది.

కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం "మన సొంత ప్రాంతాన్ని ఇతర ప్రాంతాలవారికి పరిచయం చేయడం". మన సంఘంలో ఈ గుంటూరు వారితో పాటు నెల్లూరు, కర్నూలు, నల్లగొండ, మచిలీపట్నం నుంచి ఉద్యోగాలకూ వ్యాపారాలకూ వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఉన్నాయి. కాబట్టి ఇది అందరి సమస్యే. నేను మాత్రం ఉపన్యాసం కాకుండా నా తప్పు ఒకటి చెప్పుకోవాలని వచ్చాను.

నేను 2008లో ఈ ఊరు వచ్చాను. అద్దె ఇంటికోసం తిరుగుతుంటే ఒకాయన ఇల్లు చూపించాడు. గదులు చూశాం, వంటిల్లు చూశాం, అద్దె కుదిరింది. అప్పుడు అడిగాడు, "ఏ ఊరు మాస్టారూ మీది?" అని. "కడపండీ" అన్నాను. ఆయన మొహం మారిపోయింది. "బాంబుల కడపా?" అని నవ్వాడు. మరునాడు ఫోను చేసి, మా బంధువులు వస్తున్నారు, ఇల్లు ఇవ్వలేనన్నాడు. పేరు చూసి ఇల్లు ఇవ్వనివారి సంగతి మీలో చాలామందికి అనుభవమే. నాకు పేరుతో పాటు ఊరు కూడా అడ్డం వచ్చింది.

ఆ తరువాత నేను తెలివి నేర్చాను. ఎవరడిగినా "తిరుపతి వైపండీ" అనడం మొదలుపెట్టాను. మా కడపకూ తిరుపతికీ మధ్య నూరు కిలోమీటర్ల పైమాటే. అయినా అబద్ధం కాదు కదా అని మనసుకు సర్ది చెప్పుకున్నాను. 2016లో ఇంకో ఇల్లు మారినప్పుడు కూడా అదే మాట. అప్పుడు మా పాప నా వేలు పట్టుకొని పక్కనే ఉంది. అయిదేళ్ళ పిల్లకు ఏం తెలుస్తుందిలే అనుకున్నాను.

తరువాత ఆ పాప ఎనిమిదో తరగతికి వచ్చినప్పుడు బళ్ళో "మా ఊరు" అని వ్యాసం రాసుకు రమ్మన్నారు. పుస్తకం పట్టుకొని నా దగ్గరకు వచ్చింది. మా ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. తెలుగులో చెబితే ఆ మాట ఇది: "అబ్బా, ఏ ఊరని రాయాలి? నిజం ఊరా, ఇల్లు అద్దెకు అడిగేటప్పుడు చెప్పే ఊరా?"

సోదరులారా, ఇరవై ఏళ్ళుగా పిల్లలకు "అబద్ధమాడరాదు" అని పాఠం చెబుతున్నాను. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఆ వారంలోనే మా అమ్మ కడప నుంచి వచ్చింది. ఆమె పెద్దగా చదువుకోలేదు. సంచీలో చెనక్కాయలు, రాగిపిండి తెచ్చింది. వచ్చిన సాయంత్రమే చెనక్కాయలు ఉడకబెట్టి, చేట నిండా పోసుకొని ఎదురింటి ఆవిడ దగ్గరకు పోయింది. నేను కిటికీలోంచి వింటున్నాను.

"మాది కడపమ్మా. మా పక్క ఎండలెక్కువ, నీళ్ళు తక్కువ. చెనక్కాయలు మాత్రం బాగుంటాయి. తిని చూడు తల్లీ" అన్నది.

"చెనక్కాయలంటే ఏంటండీ? ఓహో, వేరుశనక్కాయలా!" అని ఆవిడ నవ్వింది. నాలుగు గింజలు నోట్లో వేసుకొని, నేను ఏళ్ళ తరబడి భయపడుతున్న ప్రశ్న అడగనే అడిగింది: "మీ వైపు బాంబులు వేసుకుంటారటగా పిన్నిగారూ?"

నేను లోపల కుంచించుకు పోయాను. మా అమ్మ తడుముకోలేదు. "వేసుకున్నారమ్మా, లేదని ఎట్లంటాను? కొట్టుకున్నోళ్ళు ఇంతమంది. బువ్వకోసం కష్టపడినోళ్ళు ఊరంతా. మీ దాకా వచ్చింది ఆ ఇంతమంది సంగతే" అన్నది. మరునాడు ఎదురింటి నుంచి గిన్నెడు గోంగూర పచ్చడి వచ్చింది.

నేను ఏళ్ళ తరబడి చేయలేని పని ఆమె ఒక్క సాయంత్రంలో చేసింది. తరువాత ఆలోచిస్తే ఆమె చేసినవి నాలుగే పనులు. ఊరి పేరు దాచలేదు. ఉన్న లోపం తానే ముందు చెప్పింది. చేతిలో ఒక వస్తువు పెట్టింది. అడిగినదానికి కోపం తెచ్చుకోకుండా జవాబు చెప్పింది. మనం సామాన్యంగా దీనికి తలకిందులుగా చేస్తాం. అయితే ఊరు దాస్తాం, లేకపోతే "మా ఊరంతటి ఊరు లేదు" అని డప్పు కొడతాం. దాచినా డప్పు కొట్టినా ఎదుటివాడికి మన ఊరు తెలియదు.

ఇప్పుడు మా అమ్మ పద్ధతిలో నా ఊరును మీకు పరిచయం చేస్తాను.

ముందు లోపాలు. మాది కరువు సీమ. కర్నూలు - కడప కాలువ పారే మేర పచ్చగా ఉంటుంది, అది దాటితే వాన కోసం ఆకాశం వైపు చూడవలసిందే. కక్షల్లో మనుషులు పోయిన మాట నిజం. బ్రతుకు తెరువు లేక వేలమంది కువైట్ పోయినారు. వారిలో ఆడవాళ్ళు ఎందరో. అక్కడ ఇంకొకరి బిడ్డలను సాకుతూ తమ బిడ్డలను ఫోనులో చూసుకొనే తల్లుల పిల్లలకు నేను పాఠాలు చెప్పాను. ఇదంతా దాచి కోటలూ కొండలూ చూపిస్తే అది పరిచయం కాదు.

ఇక వస్తువు. మీరు కడప ఎప్పుడూ చూడలేదంటారు. మీలో చాలామంది ఇళ్ళల్లో కడప ఉంది. వంటింట్లో పొయ్యి పెట్టుకొనే నల్ల బండ, గోడ అరల్లో పరిచిన బండలు - చాలావరకు మా జిల్లా రాళ్ళే. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు పక్క నేలలో సున్నపురాయి పొరలు పొరలుగా ఉంటుంది. అందువల్ల పలకలుగా లేస్తుంది. ముంబై, పూణేల్లో ఆ రాయి పేరే "కడప్పా". ఊరు ఎక్కడుందో తెలియనివాళ్ళు కూడా రోజూ ఆ పేరు పలుకుతారు. నాకు ఇల్లు ఇవ్వనన్న పెద్దమనిషి వంటింటి గట్టు కూడా కడప బండే! ఆ రోజు నా కళ్ళతో చూశాను. మా రాయి మీద వంట చేసుకుంటూ మా మనిషికి ఇల్లు ఇవ్వలేకపోయాడు. నేను ఆ రోజే ఆ రాయి చూపించి "ఇది మా ఊరిదేనండీ" అని నవ్వి ఉంటే ఏమయ్యేదో! నాకు ఆ ధైర్యం లేకపోయింది.

తరువాత తిండి. కారానికి గుంటూరు పేరు గొప్పదే, కాదనను. కాని మా కారం దోసె తిన్నాక మాట్లాడండి. ఎండుమిరపకాయలు, ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు కలిపి మెత్తగా నూరి దోసె మీద పూసి, పైన పప్పులపొడి చల్లుతారు. ఎర్రగడ్డ అంటే మీ ఉల్లిపాయ, తెల్లగడ్డ అంటే వెల్లుల్లి. రాగి సంగటి ముద్ద, చెనిగ్గింజల ఊరిబిండి, ఓపిక ఉంటే నాటుకోడి పులుసు. వరి పండని నేల నేర్పిన తిండి ఇది.

మాటలు కూడా వస్తువులే. మా పక్క తెలుగిళ్ళల్లో తాతను "అబ్బ" అంటారు, నాయనమ్మను "జేజి" అంటారు. మన ఇళ్ళల్లో అబ్బా అంటే తండ్రి. చిన్నప్పుడు నేనూ మా పక్కింటి రెడ్డిగారి మనవడూ వీధిలో ఒకేసారి "అబ్బా!" అని కేక వేస్తే అటు నుంచి ముసలాయన, ఇటు నుంచి మా నాన్న బయటికి వచ్చేవారు. ఒకే కేకకు ఇద్దరు పెద్దవాళ్ళు పలికే ఊరు మాది. అయ్యవారికి మీరు "మాస్టారూ" అంటారు, మావాళ్ళు "అయివారూ" అంటారు. "వస్తాండా, పోతాండా" అంటే ఇక్కడ నవ్వుతారు. నవ్వనీయండి. మీ "ఏవండోయ్"కి మేమూ నవ్వుతాం.

ఇక చూడదగినవి. పెన్నానది ఎర్రమల కొండలను కోసుకుంటూ పోయిన చోట గండికోట ఉంది. ఆ కోటలో మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జామియా మసీదు, పెద్ద ధాన్యాగారం ఒకే ప్రాకారం లోపల ఉన్నాయి. మసీదు మెట్ల మీద కూర్చుంటే గుడి గోపురం కనబడుతుంది. లోయ అంచున నిలబడితే మాట రాదు.

కడప పేరు "గడప" నుంచి వచ్చిందని మావాళ్ళు చెప్పుకుంటారు, తిరుమల వేంకటేశ్వరస్వామికి గడప అని. ఊళ్ళోనే దేవుని కడప ఉంది. ఉగాది నాడు ముస్లిం కుటుంబాలు కొబ్బరికాయలు పట్టుకొని ఆ గుడికి వస్తాయి. స్వామి దేవేరి బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు అని వారి భావన. ఇది సరా కాదా అన్న చర్చ మన పెద్దలకు వదిలేస్తున్నాను. ఉన్నది ఉన్నట్లు చెబుతున్నాను. అదే ఊళ్ళో అమీన్ పీర్ దర్గా ఉరుసుకు వచ్చే జనంలో ఎవరు ఏ మతమో విడదీసి చెప్పడం నా వల్ల కాదు.

ఇంగ్లండు నుంచి వచ్చిన బ్రౌనుదొర 1820లో కడపలో ఉద్యోగంలో చేరి, బంగళా కొని, పండితులను పెట్టుకొని తెలుగు తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించాడు. ఇప్పుడు ఆ బంగళా ఉన్నచోట ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. పరాయి దేశస్థుడు వచ్చి మన ఊరిని ప్రేమించగా, మనం దాన్ని దాచుకోవడమేమిటి? మా వేంపల్లె నుంచి వచ్చిన షరీఫ్ అనే యువకుడు ముస్లిం ఇళ్ళ కథలను మా యాసలోనే రాశాడు. ఆ "జుమ్మా" పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. యాస అడ్డం రాలేదు.

ఒక పిట్ట సంగతి కూడా చెప్పి ముగిస్తాను. కలివికోడి అని ఒక పక్షి. 1900 తరువాత ఎవరికీ కనబడలేదు, అంతరించిందనుకున్నారు. 1986లో మా కడప దగ్గరి ముళ్ళపొదల అడవిలో మళ్ళీ కనబడింది. దాన్ని పట్టి చూపించింది ఏ శాస్త్రవేత్తో కాదు, అడవి తిరిగే ఊరి మనిషి. నేల సంగతి ఆ నేలవాణ్ణి అడిగితే తెలుస్తుంది. అందుకే మన పిల్లలు తమ ఊరు అడిగి తెలుసుకోవాలి, ఎదుటివారి ఊరు కూడా అడగాలి. మనది చెప్పడం సగం పని. "మీ ఊరి సంగతి చెప్పండి" అని అడిగి, చెవియొగ్గి వినడం మిగతా సగం.

కార్యవర్గానికి ఒక మనవి. వచ్చే వార్షికోత్సవంలో ఒక గంట "మా ఊరు" కార్యక్రమానికి కేటాయించండి. ప్రతి కుటుంబం తమ సొంత ఊరి వంటకం ఒకటి తేవాలి. పిల్లలు ఆ ఊరి మాట ఒకటి, ఆ ఊరి కష్టం ఒకటి చెప్పాలి. పెద్దవాళ్ళు మధ్యలో అందుకొని దిద్దగూడదు. పక్క వీధుల్లోని ఇతర మతాల కుటుంబాలను కూడా పిలుద్దాం. ఖర్చు పెద్దగా ఉండదు. కారం దోసెల బాధ్యత నాది.

మా పాప వ్యాసం సంగతి చెప్పలేదు కదూ! తన నాయనమ్మ దగ్గర కూర్చొని రాసింది. మొదటి రెండు వాక్యాలు ఇవి: "మా ఊరు కడప. అక్కడ ఎండలెక్కువ, నీళ్ళు తక్కువ." అయ్యవారు పదికి ఎనిమిది మార్కులు వేశారట. నేనైతే పది వేసేవాణ్ణి. మరుసటి నెల గ్యాసు అబ్బాయి సిలిండరు దించుతూ "ఏ ఊరు మాస్టారూ మీది?" అన్నాడు. పాప తలుపు దగ్గర నిలబడి నా మొహం చూస్తోంది. "కడపప్పా" అన్నాను.