పిల్లల జాగా
(షోలాపూరు ఉగాది సభలో చేసిన ప్రసంగము)



నేను రైలు కచేరీలో గుమాస్తాను. వైద్యుడను కాను, ఇంజనీరును కాను. లెక్కలు వ్రాయుట నా పని గనుక, ఈ పూట కొన్ని లెక్కలే మనవి చేస్తాను.

పిల్లలకు జబ్బు చేస్తే మందు కొంటాము. కాని వెలుతురు, గాలి, నీడ, పరుగెత్తుటకు నేల – ఇవి సీసాలలో దొరకవు. 5 మొదలు 17 ఏండ్ల లోపు పిల్లలు సగటున రోజుకు 60 నిముషములైనా ఒళ్ళు అలిసేటట్లు మెలగవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన ఊరి నేతవాడలలో ఎన్నో ఇండ్లలో క్రింద మరమగ్గములు, పైన కాపురము. లోపల చప్పుడు, నూలు దుమ్ము. సందులో మోటారు సైకిళ్ళు. ఆ గంటసేపు పిల్లవాడు ఎక్కడ ఆడవలెను?

చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున కొన్ని బడులలో ఒకటవ తరగతి పిల్లలను రోజూ అదనముగా 40 నిముషములు ఆరుబయట ఆడించారు. 2015లో ఫలితము ప్రకటించారు. మూడేండ్లలో మామూలు బడులలో నూటికి సుమారు 40 మందికి దూరపు చూపు మందగించగా, ఈ బడులలో 30 మందికే మందగించినది.

ఆమ్‌స్టర్‌డామ్ నగరములో ఆల్డో వాన్ ఐక్ అను వాస్తుశిల్పి 1947 నుండి 1978 వరకు 700కు పైగా ఆటస్థలములు రూపొందించాడు. అనేకము ఊరి మధ్యనున్న ఖాళీ జాగాలే. ఇసుక గుంట, దూకుటకు దిమ్మెలు, ఎక్కుటకు ఇనుప కమ్ములు – అంతే.

మన సంఘ భవనము వెనుక ఖాళీ జాగా ఉన్నది. దానిని గచ్చు చేయించి, పెండ్లివారి కార్లకు అద్దె కిద్దామని ప్రతిపాదన వచ్చినది. సంఘమునకు ఆదాయము అవసరమే; కాదనను. సగము కార్లకు ఇవ్వండి. వేపచెట్టున్న సగము పిల్లలకు విడువండి. ఆ నీడలో ఇసుక పోయించి, మంచినీళ్ళు పెట్టించండి. వృద్ధులు కూర్చొనుటకు రెండు బల్లలు వేయించండి; పెద్దల కన్నున్న చోటికి తల్లులు ఆడపిల్లలనూ పంపుతారు. కమ్ములకు రంగు వేయించేటప్పుడు ఇండ్లకు వాడే రంగే కొనండి. అందులో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని 2017 నవంబరు నుండి నిబంధన అమలులో ఉన్నది. సీసము పిల్లల మెదడుకు విషము.

నేడు మన మరాఠీ సోదరులకు గుడీపాడ్వా. వారి పిల్లలూ మన పిల్లలతో అక్కడ ఆడుకొందురు గాక.

వచ్చే సర్వసభ్య సమావేశములో ఈ విషయము ఓటుకు రానున్నది. చేయి ఎత్తే ముందు, ఓటు లేని మన పిల్లలను ఒక్కసారి తలచుకొనండి. సెలవు.